కుడిచెవి వైపు

పొద్దున్న ఏడు గంటలకు డ్యూటీ మారేటప్పుడు వార్డులో అప్పగింత జరుగుతుంది. దిగిపోయే నర్సు ముందు, ఎక్కే నర్సు వెనక, మంచం మంచానికీ ఆగుతూ నడుస్తారు. దిగిపోయేది ఇంటికి పోయే తొందరలో గడగడా చదివేస్తుంది, ఎక్కేది తలూపుతుంది. ముందు డ్యూటీవాళ్ళు రాసిందే తర్వాతివాళ్ళు చదువుతారు, చదివిందే మళ్ళీ రాస్తారు. మందు పేరులో తప్పు దొర్లితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. మనిషి గురించి తప్పు దొర్లితే మాత్రం పట్టుకునే నాథుడుండడు. ఆ మాట మంచంతోపాటే ఉండిపోతుంది.

రెండు రోజుల సెలవు తర్వాత ఆ పొద్దున డ్యూటీ ఎక్కిన నర్సును వార్డంతా మిరపకాయ సిస్టరంటారు. ఎదురుగా అనరు, అంత దమ్ము ఎవరికీ లేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. మనిషి పొట్టి, నోరు మాత్రం నిలువెత్తు. ఏది రాసినా పక్కన టైము వేసి, ఆ టైము చుట్టూ సున్న చుడుతుంది. కొత్తగా వచ్చిన నర్సులకు మొదటి పాఠం అదే. "టైము లేని రాత ఊరూపేరూ లేని ఉత్తరంతో సమానం" అంటుంది. ఎంత చెప్పినా సున్న చుట్టేది మాత్రం ఆవిడొక్కతే.

"పదహారు, షుగరు, కాలి పుండు, కట్టు మార్చాలి," చదువుతోంది దిగిపోయే చిన్న నర్సు. "పదిహేడు, తాగుబోతు. రోడ్డుమీద పడ్డాడు, నుదుటికి నాలుగు కుట్లు. వాంతులు తగ్గలేదు. పిలిస్తే పలకడు. ఇవాళ పంపించేస్తారు. పద్దెనిమిది..."

"ఆగాగు. వాంతులు తగ్గనివాణ్ణి ఎట్లా పంపిస్తారు?"

"తాగింది దిగేదాకా అంతేగా సిస్టర్."

"ఎప్పుడు చేరాడు?"

"మూడ్రోజులైంది."

"మూడ్రోజులకీ దిగని సరుకు ఏ కొట్లో అమ్ముతున్నారే? చెప్పు, వెళ్ళి ఆ కొట్టువాడికి దండేసొద్దాం."

చిన్న నర్సు నవ్వబోయి మానుకుంది. మిరపకాయ సిస్టరు నవ్వటంలేదు. పదిహేడో మంచం మీద మనిషి కుడిపక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, రెండు చేతుల్తో మంచం ఇనప కమ్మీని పట్టుకుని ఉన్నాడు. నడుస్తున్న బస్సు వెనక నిచ్చెన పట్టుకుని వేలాడేవాడు ఎట్లా పట్టుకుంటాడో అట్లా పట్టుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. దుప్పటి మీద ఎండిన వాంతి, మంచం కింద నిండిన బేసిను, నెత్తిన గడగడలాడే ఫ్యాను. కాళ్ళ దగ్గర స్టూలు మీద అతని భార్య ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. ఏ నిమిషంలో గెంటేస్తారో అన్నట్టు సంచి సర్దే ఉంది.

"ఈ దుప్పటి ఎన్నాళ్ళది?" అని ఆయమ్మను అడిగింది.

"తాగుబోతుకి రోజూ పక్కబట్టలేంటి, ఎట్లాగూ పాడుచేస్తాడన్నారమ్మా."

"ఎవరన్నారు?"

ఆయమ్మ పైకప్పు చూసింది. ఆసుపత్రిలో అనేవాళ్ళందరూ పైకప్పులోనే ఉంటారు కాబోలు.

మిరపకాయ సిస్టరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. తాగేవాళ్ళంటే ఆవిడకు పడదు, ఆ మాట వార్డులో అందరికీ తెలుసు. కానీ తాగుబోతైనా సరే, కక్కిన దుప్పట్లో మూడ్రోజులు పడుకోబెట్టమని ఏ పుస్తకంలోనూ లేదు. "ఉతికిన దుప్పటి పట్రా. బేసిను కడిగి తీసుకురా. ఇప్పుడే!" అని అరిచేసరికి పద్దెనిమిదో మంచం ముసలాయన కూడా లేచి కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే డ్రెస్సింగు తాత సామానుబండి తోసుకుంటూ వచ్చాడు, పదహారు కాలికి కట్టు మార్చటానికి. కింద గాయాల గదిలోనూ పైన వార్డుల్లోనూ కట్లు కట్టేది ఆయనే. ఆయన చెయ్యి పడిందంటే స్పిరిట్ ఏరై పారాల్సిందే. క్షణంలో నాలుగు మంచాల మేర ఘాటు కమ్ముకుంది.

"తాతా, ఇంత పోస్తే ఈగలు కూడా మత్తెక్కి పడతాయి," అంది సిస్టరు ముక్కు మూసుకుంటూ.

"శుభ్రం కావాలని అరిచేదీ మీరే, పోస్తే అరిచేదీ మీరే," అన్నాడు తాత తన పని తాను చేసుకుంటూ.

ఆయమ్మ దుప్పటి తెచ్చి, అలవాటు ప్రకారం మంచాన్ని కాలితో ఒక్క తన్ను తన్ని గోడనుంచి జరిపింది. పదిహేడులో మనిషి "అమ్మో, పడిపోతున్నా!" అని కేకవేశాడు. తల ఇంత కదిలిందో లేదో భళ్ళున కక్కుకున్నాడు. కక్కటానికి కడుపులో ఏమీ లేదు, పసరు తప్ప. మంచం మీద పడుకున్నవాడు ఎక్కడికి పడిపోతాడు? ఆ కేక సిస్టరు చెవిలో పడ్డది. అది మత్తులో ఉన్నవాడి గొంతు కాదు, భయపడ్డవాడి గొంతు.

ఆవిడ అతని ముఖానికి ఎదురుగా వంగింది. "నాయనా, మీ కన్ను చూస్తాను. తల కదిలించను" అంది. పలకలేదు. కుడిచెవి దిండులో కూరుకుపోయి ఉంది. ఏదో తోచి, దిండును కాస్త నొక్కి పట్టి, ఆ చెవి దగ్గర అదే మాట మళ్ళీ చెప్పింది. "చూడండమ్మా" అన్నాడు వెంటనే. బొటనవేలితో రెప్ప మెల్లగా ఎత్తింది. కనుగుడ్డు ఎడమకు నెమ్మదిగా జారుతోంది, టక్కున కుడికి లాక్కుంటోంది. జారుతోంది, లాక్కుంటోంది. క్షణం కుదురు లేదు. ఆవిడ జేబుకు గుచ్చుకున్న చిన్న గడియారం తీసి ఎడమ చెవికి ఆనించింది.

"వినిపిస్తోందా?"

"ఏంటి?"

కుడిచెవి దగ్గర పెట్టింది. "గడియారం," అన్నాడు. "ఎడమ చెవిలో పిండిమర ఆడుతోందమ్మా, గడియారం ఎక్కడ వినపడుద్ది? మూడ్రోజులనించి ఆపేవాడు లేడు."

సిస్టరు భార్యవైపు తిరిగింది. "చెవి వినపడటం లేదని చెప్పలేదేం?"

"అడిగితే చెబుదుం," అంది ఆమె. గొంతులో ఏడుపు కన్నా కోపమే ఎక్కువ ఉంది. "ఎవరడిగారు? చిన్న డాక్టరుగారికి చెప్పబోతే 'తాగితే అన్నీ ఆడతాయి' అని నవ్వి పోయాడు. ఈయన బస్సు డ్రైవరమ్మా, పంతొమ్మిదేళ్ళనించి. తల తిరగంగానే బస్సు పక్కకి తీసి, ఆపి, బ్రేకు వేసి, అప్పుడు దిగి పడ్డాడు. లోపల నలభై మంది. ఒక్కరికి గోరు కూడా చిట్లలేదు. తాగినోడు చేసే పనేనా అది? దిగినోళ్ళంతా తాగుబోతని ఫోన్లలో ఫొటోలు తీశారు."

"మరి ఇతనికి అలవాటు...?"

"తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. కానీ ఈయన ఆ చెట్టు కిందకే పోలేదు తల్లీ." సంచి తాడు వేలికి చుట్టుకుంటూ, నేల చూస్తూ అంది: "మీ కాగితం మీద రాశారు గదా అని మొదటిరోజు నేనూ నమ్మాను. నోటికొచ్చినట్టు తిట్టాను. ఈయన పలక్కపోతే సిగ్గుతో పలకట్లేదనుకున్నా. కూతురు ఇప్పటికీ రావట్లేదు."

సిస్టరు ఫ్యాను కట్టేసింది. కిటికీ తెర లాగింది. ఆయమ్మను అటు నిలబెట్టి, భార్యను ఇటు నిలబెట్టి, "మంచానికి ఎవరి మోకాలూ తగలకూడదు" అని చెప్పి, మనిషిని చెక్కపలకలా ఒక్కసారిగా, తల మెడ నడుము కలిపి తిప్పి దుప్పటి మార్చింది. తలకింద రెండు దిళ్ళు వేసి వెల్లకిలా పడుకోబెట్టింది. బేసిను, నీళ్ళు, గంట అన్నీ కుడివైపుకు మార్చింది. జేబులోంచి ప్లాస్టరు చుట్ట తీసి రెండు ముక్కలు కత్తిరించి, ఎదురుగోడ మీద ఇంటూ గుర్తులా అంటించింది.

"కళ్ళు తెరిచి దాన్నే చూడండి. గది తిరిగితే తిరగనివ్వండి, మీరు మాత్రం దాన్ని వదలొద్దు. స్టీరింగు ముందు రోడ్డు చూసినట్టు చూడండి."

అతను చూశాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా చూశాడు. చాలాసేపటికి ఒక చెయ్యి కమ్మీ వదిలింది.

*

వార్డు డాక్టరు కుర్రవాడు. తొమ్మిదింటికి రౌండ్సుకొచ్చి, పదిహేడు దగ్గర ఆగకుండానే "డిశ్చార్జి" అన్నాడు.

"చెవి డాక్టరుకి చూపించాలి సార్," అంది సిస్టరు. "ఎడమ చెవి పూర్తిగా వినపట్టం లేదు. కళ్ళు నిలవటం లేదు."

"కేసు షీటులో స్పష్టంగా ఉంది కదా సిస్టర్."

"మీరు మనిషిని చూశారా?"

"షీటు చూశాను."

"షీటుకి కళ్ళు తిరగవు సార్. మనిషికి తిరుగుతాయి."

వెనక నడిచే నర్సులిద్దరూ కేసు షీటు అట్ట చాటున మొహాలు దాచుకున్నారు. కుర్ర డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "నేను రాసింది కాదు. చేరినప్పటినుంచీ ఉంది. నిన్నటివాళ్ళు రాశారు, మొన్నటివాళ్ళు రాశారు."

"గొర్రె దూకిందని గొర్రె. రక్తం తీసి పరీక్ష చేయించారా, తాగాడో లేదో?"

"రాసుంది కదా, ఇంకెందుకు పరీక్ష?"

ఆ జవాబు విన్నాక ఆవిడ నోటిదాకా వచ్చిన మాటను మింగింది. వస్తే ఉద్యోగం పోయేంత మాట వచ్చేది. కలం మూత తీసి డాక్టరు చేతిలో పెట్టింది. "చెవి డాక్టరుకి చూపించమని రాయండి. రాయకపోతే, నడవలేని మనిషిని పంపించారని నేను రాస్తాను, టైము వేసి, సంతకం పెట్టి." ఆవిడ సున్న సంగతి కుర్రవాడికీ తెలుసు. విసురుగా రాసిచ్చాడు.

చెవి డాక్టరమ్మ మధ్యాహ్నానికి వచ్చింది. నెరిసిన జుట్టు, కోటు జేబులో ఇనప శ్రుతి చువ్వ, కొడితే సన్నగా మోగేది. దాన్ని మోకాలికి కొట్టి నుదుటి మీద ఆనించింది, చెవుల వెనక ఆనించింది. అతని తలను రెండు అరచేతుల మధ్య పట్టుకుని చిటికెడంత తిప్పి కళ్ళు చూసింది. ముందుగా చెప్పి, కుడివైపే నిలబడి చేసింది. సిస్టరుకు ఆ ఒక్క పనితో ఆవిడమీద గౌరవం కలిగింది.

"లోపలి చెవి," అంది డాక్టరమ్మ భార్యతో. "వినటానికీ, పడకుండా నిలబడటానికీ సరంజామా రెండూ అక్కడే ఉంటాయి. ఎడమవైపు వాపొచ్చి రెండూ ఒక్కసారే దెబ్బతిన్నాయి. తిరుగుడు తగ్గుతుంది, రోజులు పడుతుంది. నడక మళ్ళీ నేర్చుకుంటాడు."

"వినపడుతుందా అమ్మా?"

డాక్టరమ్మ చువ్వను జేబులో పెట్టుకుంది. "ఇవాళే మందు మొదలుపెడదాం. దీనికి ఎంత ముందు పడితే అంత మంచిది. మొదటిరోజే నా దగ్గరికి వచ్చుంటే కాస్త ధైర్యంగా చెప్పగలిగేదాన్ని." తర్వాత వరండాలోకి వచ్చాక షీటు మీద వేలితో కొట్టింది. "మూడ్రోజులు, సిస్టర్. ఒక్క మాటతో మూడ్రోజులు తినేశారు. ఎవరండీ ఇది మొదలుపెట్టింది?"

"ఎవరో మహానుభావులు," అంది మిరపకాయ సిస్టరు పళ్ళు నూరుతూ. "పట్టుకుంటా. వదలను."

నిజంగానే అనుకుంది. ఆ సాయంత్రం మందు సూదేస్తున్నప్పుడూ, బేసిను ఎత్తుతున్నప్పుడూ ఆ మహానుభావుల్ని మనసులో వార్డు మధ్య నిలబెట్టి కడిగిపారేస్తూనే ఉంది. షీటు మొదటి కాగితాలు రికార్డు గదికి పోయాయి, లేకపోతే అప్పుడే వెనక్కి తిప్పి చూసేది. భార్య ఇంటికి వెళ్ళబోతూ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "దేవతలా వచ్చారమ్మా" అంది. "దేవతా లేదు, దెయ్యమూ లేదు. రేపు వచ్చేటప్పుడు కూతుర్ని వెంటపెట్టుకు రా" అంది సిస్టరు. కానీ ఆ మాట ఆవిడకు తియ్యగానే ఉంది, అబద్ధమెందుకు.

*

మర్నాడు పదింటికి బస్సు డిపోనుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు, సూపర్‌వైజరట. చంకలో ఫైలు, చేతిలో ఫోను. డ్రైవరును దూరంనుంచే చూసి, పరామర్శ అయిందనిపించి, నర్సుల బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఎల్లుండి విచారణమ్మా. సర్టిఫికెట్టు కాపీ కావాలి."

"తీసుకోండి. చెవి డాక్టరమ్మ స్వయంగా రాసింది. లోపలి చెవి జబ్బు." సిస్టరు కాగితం ముందుకు తోసింది.

ఆయన చదివాడు, నాలుక చప్పరించాడు. "ఇది నిన్న రాసింది కదమ్మా. తాగి బస్సెక్కితే ఇంటికే, అందులో రెండోమాట లేదు. జబ్బయితే స్టీరింగు తీసేసి వర్క్‌షాపులో కూర్చోపెడతాం. బతుకుతాడు. ఏది నిజమో మొదటి కాగితం చెబుతుంది. మూడోరోజు ఎవరు ఎవర్ని పట్టుకుని ఏం రాయించారో మాకేం తెలుసు?"

"రాయించుకునే మొహమా అది? మూడ్రోజులు కక్కులో పడుకున్నాడు!"

"నామీద అరవకండి. రాసింది మీవాళ్ళే. పడ్డ గంటలోనే రాశారు. నేను ఆ రోజే వచ్చి ఫొటో తీసుకున్నాను, మా పద్ధతది." ఫోను తెరిచి ముందు పెట్టాడు.

"ఇటివ్వండి. ఎవరో చూస్తా," అంది ఆవిడ, రెండు రోజుల కోపాన్నంతా కళ్ళలోకి తెచ్చుకుని.

అక్షరాలు చిన్నగా ఉన్నాయి. వేళ్ళతో పెద్దవి చేసింది. 'తాగి పడిపోయాడు. ఒంటిమీద వాసన. పిలిస్తే పలకటం లేదు, మత్తులో ఉన్నాడు.' పక్కన టైము, ఒకటిన్నర. టైము చుట్టూ గుండ్రంగా, ముట్టుకుంటే చేతికి అంటుకునేంత నల్లగా, సున్న.

ఆవిడ ఫోను బల్లమీద పెట్టింది. "కళ్ళజోడు తుడుచుకోండమ్మా" అంటున్నాడు సూపర్‌వైజరు. తుడుచుకోవాల్సిన పనిలేదు.

అంతా గుర్తొచ్చింది. సెలవు ముందు రోజు. డ్యూటీ దిగటానికి అరగంట ఉంది. ఆ పూటకు పదకొండుమంది చేరారు. నెత్తురూ బురదా మొహానికి పూసుకున్న మనిషి, నుదుటినుంచి కళ్ళదాకా కట్టు, స్ట్రెచరు మీద కుడిపక్కకు తిరిగి ఉన్నాడు. గుప్పున వాసన కొట్టింది. "ఎంత తాగావు?" అని అరిచింది. పలకలేదు. వంగితే బూట్ల మీద కక్కాడు. "వీళ్ళకి పుట్టగతులుండవు" అని, నిలబడే మూడు ముక్కలు రాసి, బూట్లు కడుక్కుని ఇంటికి పోయింది. ఆ మొహం తర్వాత గుర్తులేదు. కడిగేశాక, కట్టు చిన్నదయ్యాక, పదిహేడో మంచం మీద చూసింది వేరే మనిషిననుకుంది.

ఆకాశం మీద ఉమ్మేసినట్టయింది. రెండు రోజులు ఎవరిమీద పళ్ళు నూరిందో ఆ మనిషి అద్దంలో ఉంది.

సూపర్‌వైజరును కాసేపు కూర్చోమని చెప్పి, మెట్లు దిగి గాయాల గదికి వెళ్ళింది. డ్రెస్సింగు తాత దూది ఉండలు చుడుతున్నాడు.

"తాతా, నాలుగు రోజుల కింద బస్సు డ్రైవరు నుదుటికి కట్టుకట్టావు. వాసన వచ్చిందా అతని దగ్గర?"

"ఏం వాసన? నేను పోసిన స్పిరిట్ వాసన తప్ప. బురదలో పడ్డ గాయం గదా, అరసీసా పోశా. చొక్కా అంతా తడిసింది పాపం," అన్నాడు తాత. ఆవిడ మొహం చూసి ఉండ చుట్టటం ఆపాడు. "ఏమైందమ్మా?"

ఆవిడ అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ వాసన మధ్యే బతుకుతోంది. రోజుకు వందసార్లు ఆ స్పిరిట్‌తోనే చేతులు తుడుచుకుంటుంది. తన చేతుల వాసనే తనకు తెలియలేదు. కాదు, తెలుసుకోవాలనుకోలేదు. తాగుబోతును చూడాలనుకుంది, చూసింది.

పెద్ద సిస్టరు గదిలో సంగతి చెప్పింది. పెద్ద సిస్టరు లేచి తలుపు వేసింది. "తిలాపాపం తలా పిడికెడు. నీ తర్వాత ఎనిమిది డ్యూటీలవాళ్ళు రాశారు, డాక్టరు రాశాడు. నీ ఒక్కదానిదేనా? చెవి డాక్టరమ్మ రాసింది చాల్లే."

"చాలదంటున్నాడు డిపో ఆయన. ఆ మొదటి కాగితాన్ని తిప్పగలిగేది రాసిన చెయ్యే."

"వచ్చే నెల నేను దిగిపోతున్నా. ఈ కుర్చీకి నీ పేరే పంపాను. ఇప్పుడు 'చూడకుండా రాశాను' అని నీ చేత్తో రాస్తే అది నీ ఫైల్లో ఎక్కి కూర్చుంటుంది. చేజేతులా..."

అక్కడే ఉన్న రికార్డు గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఖాళీ షీటు ఇస్తాను సిస్టర్. అదే తారీకు, అదే టైము వేసి, తల తిరిగి పడ్డాడని రాసెయ్యండి. పాతది నేను చూసుకుంటా. ఆయనకీ మంచిదే, మీకూ మంచిదే. సున్న మాత్రం మర్చిపోకండి."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆవిడ చెయ్యి ఆ ఖాళీ షీటువైపు పోయింది. తర్వాత ఒళ్ళు మండిపోయింది, గుమాస్తా మీద కాదు, ఆ చేతిమీద. "పాతదాని ఫొటో వాళ్ళ దగ్గరుంది! రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆసుపత్రిని కొన్నాడని ఆ మనిషిని మళ్ళీ దొంగను చేస్తారు. ఫొటో లేకపోయినా చెయ్యనయ్యా. తియ్యి, అసలుది తియ్యి!"

అసలు కాగితం బల్లమీదకు వచ్చింది. తను రాసిన మూడు ముక్కల మీదా, కింద అక్షరాలు కనపడేటట్టు, ఒక్కటే గీత గీసింది. నిలబడి కాదు, కూర్చుని రాసింది. 'పై మాటలు రాసింది నేనే. రోగిని పరీక్షించకుండా రాశాను. నాకు వచ్చిన వాసన గాయానికి పోసిన స్పిరిట్‌ది. రోగి పలకకపోవటానికి కారణం ఎడమ చెవి వినపడకపోవటం, కుడిచెవి కిందకి ఉండటం. మత్తు కాదు.' సంతకం చేసింది. ఇవాళ్టి తారీకు, ఆ నిమిషపు టైము వేసింది. టైము చుట్టూ సున్న చుట్టబోయి, ఆగి, చుట్టింది.

సూపర్‌వైజరు నిలబడే చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు. "ఇట్లాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నాడు. "కానీ కాగితం కాగితమే అంటారు మావాళ్ళు. మళ్ళీ రాయించాడంటారు. మీరొచ్చి నోటితో చెబితే..." అని సగంలో ఆపి ఫొటో తీసుకుని పోయాడు.

*

మర్నాడు పొద్దున వార్డు అప్పగింతలో చిన్న నర్సు చదివింది: "పదిహేడు, లోపలి చెవి జబ్బు. వాంతులు లేవు. రాత్రి రెండు ముద్దలు తిన్నాడు. ఇవాళ నడిపించాలి." ఆ తర్వాత మిరపకాయ సిస్టరు మొహంవైపు చూడకుండా పద్దెనిమిదికి వెళ్ళిపోయింది. ఆసుపత్రిలో ఏదీ దాగదు.

నడిపించటం అంటే చెప్పినంత తేలిక కాదు. ముందు మంచం మీద కూర్చోబెట్టి, కాళ్ళు వేలాడదీయించి, అయిదు నిమిషాలు గోడమీది గుర్తు చూడమంది. చెప్పులొద్దంది, నేల పాదానికి తెలియాలి. భార్యను తలుపు దగ్గర నిలబెట్టింది, అతను చూడటానికి ఒక మొహం కావాలి గనక. భార్య పక్కన స్కూలు యూనిఫాంలో కూతురు కూడా ఉంది. గోళ్ళు కొరుక్కుంటూ తండ్రివైపు చూసీ చూడనట్టు చూస్తోంది. పడితే ఎడమకే పడతాడు కాబట్టి సిస్టరు ఎడమవైపు నిలబడి, ఒక చెయ్యి మోచేతి కింద, ఒక చెయ్యి నడుం వెనక వేసింది.

"తలుపు దాకా పన్నెండు అడుగులు. నేల చూడొద్దు. మీ అమ్మాయిని చూడండి."

లేచాడు. ఊగాడు. చేతి బరువంతా ఆవిడమీద పడింది. ఒక అడుగు వేశాడు, రెండు వేశాడు. చొక్కా వెనక చెమటతో అతుక్కుపోయింది. మూడో అడుగు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననుకుంది. పెద్ద నోరున్న మనిషి గొంతు తగ్గించి, అతని భుజం దగ్గర, నేలవైపు చూస్తూ, చెప్పేసింది. "తాగారని మొదట రాసింది నేనేనండీ. చూడకుండా రాశాను. మీకు మూడ్రోజులు పోయాయి. ఆ చెవి రాకపోతే అది నావల్లే."

చెప్పేశాక గుండె తేలికపడింది. అతను ఏమీ అనలేదు. కోప్పడలేదు. కూతురినే చూస్తూ నాలుగో అడుగు వేశాడు.

ఎంత మంచి మనిషి అనుకుంది. అరక్షణం అలాగే అనుకుంది. ఆ తర్వాత తన ఎదురుగా, జానెడు దూరంలో ఉన్నది చూసింది. అతని ఎడమ చెవి. తను చెప్పిందంతా పిండిమరలో పోసింది.

ఎవరికీ తెలియదు. భార్యకు వినపడే దూరం కాదు. చెప్పింది చెప్పినట్టే, లెక్కకు. ఇంకో ఎనిమిది అడుగులు నడిపించి, మంచమెక్కించి, దేవతలా వెళ్ళిపోవచ్చు. తను ఎడమవైపే ఎందుకు నిలబడిందో, గొంతు ఎందుకు తగ్గించిందో తనకు తెలియదని ఎవరితోనైనా అనొచ్చు. తనతో మాత్రం అనలేకపోయింది.

"ఆగండి," అంది. "ఆయమ్మా, ఇటు వచ్చి పట్టుకో." ఎడమవైపు ఆయమ్మకు అప్పగించి, ముందునుంచి చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చింది. ఈసారి నేల చూడలేదు. పదహారుకూ పద్దెనిమిదికీ వినపడేంత గొంతుతో, మొదటి ముక్కనుంచి మళ్ళీ చెప్పింది. వాసన సంగతి, బూట్ల సంగతి కూడా చెప్పింది.

భార్య చేతిలో సంచి జారి కిందపడింది. "మీరా?" అంది. మొన్న పట్టుకున్న చేతుల్ని ఇవాళ కొంగుకు తుడుచుకుంది. కూతురు గోళ్ళు కొరకటం ఆపింది.

డ్రైవరు కుడిచెయ్యి ఆవిడ చేతిలో ఉంది. దాన్ని లాక్కున్నాడు. లాక్కోగానే ఒళ్ళంతా ఎడమకు వాలింది, ఆయమ్మ 'అయ్యయ్యో' అంటూ ఆపబోయింది, ఒక్కదానివల్ల కాలేదు. సిస్టరు పట్టుకునేలోపు అతని చెయ్యే తిరిగి వచ్చి ఆవిడ మణికట్టును పట్టుకుంది, ఇనప కమ్మీని పట్టుకున్నట్టు. నొప్పి పుట్టేటట్టు పట్టుకున్నాడు. అతని దవడ కదులుతోంది. పంతొమ్మిదేళ్ళు బస్సు నడిపినవాడి చెయ్యి అది. ఆవిడ విడిపించుకోలేదు.

"ముందు నడిపించండి," అన్నాడు చివరికి. "మీమీద కోపం మంచమెక్కాక పడతా. ఇప్పుడు రెండు పనులు చెయ్యలేను."

నడిపించింది. అయిదు, ఆరు, ఏడు. పదో అడుగు దగ్గర కూతురు తనంతట తానే ఎదురొచ్చి, ఆయమ్మను తప్పించి, తండ్రి ఎడమ చెయ్యి అందుకుంది. పన్నెండో అడుగుకు అతను తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డాడు, సొంతంగా. ఆవిడ మణికట్టు మీద అయిదు వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలాయి.

"రేపేనా విచారణ?" అన్నాడు ఆవిడవైపు తిరగకుండా.

"రేపే. పదింటికి."

"వస్తారా?"

"వస్తాను. డ్యూటీ మార్చుకున్నాను."

"అక్కడ పెద్దోళ్ళంతా బల్ల అవతల కూర్చుంటారు. మమ్మల్ని ఇవతల నిలబెడతారు," అన్నాడు డ్రైవరు. "మీరు నా కుడివైపు నిలబడి చెప్పండి. వాళ్ళు వింటారో లేదో, నేను వినాలి."